సైలెన్సర్ బాగైన కారణంగా

కారుకు సైలెన్సర్ అక్కర్లేదు. ఉన్నవాళ్లు వెంటనే ఊడదీయించుకోవాలి. దానంతట అదే ఊడిపోయినవాళ్లు అదృష్టవంతులు. వాళ్లు దాన్ని మళ్లీ బిగించే ప్రయత్నం చెయ్యకూడదు. అందులోనూ ఇంటి దగ్గర, సెల్‌ఫోన్‌లో వీడియో చూసుకుంటూ, సొంత చేతులతో అస్సలు చెయ్యకూడదు!

నవ్వకండి, బాగా ఆలోచించే చెబుతున్నాం. బిడ్డ పుట్టగానే ఏం చేస్తుంది? కేర్‌మంటుంది. అప్పుడు గానీ బయట కూర్చున్నవాళ్లు ఊపిరి పీల్చుకోరు. ఏడవని బిడ్డను వీపు తట్టి మరీ ఏడిపిస్తారు. ఇంట్లో మిక్సీ మోగుతుంది, వీధిలో ఎన్నికల ఆటో మోగుతుంది, పెళ్లి బరాత్‌లో డీజే మోగితే పక్కింటి కిటికీ అద్దాలు రాలుతాయి. ఎవరైనా కాదన్నారా? ఇన్ని మోగుతున్న దేశంలో కారు ఒక్కటే నోరు మూసుకుని తిరగాలా? ఇదెక్కడి న్యాయం?

నమ్మకం కుదరకపోతే ఎర్రగట్టుపల్లి నరేందర్ సంగతి వినండి.

ఎర్రగట్టుపల్లి ఆత్మకూరు నుంచి వనపర్తి పోయే దారిలో, మెయిన్ రోడ్డు దిగి ఆరు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. నరేందర్‌కు వనపర్తిలో జిరాక్స్ షాపు ఉంది. జిరాక్స్ అన్నది బోర్డు వరకే. ఫొటోలు, లామినేషన్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు, ఆఫీసర్లకు అర్జీలు, అన్నీ అక్కడే. 'గౌరవనీయులైన' అన్న మాటను అతనంత వేగంగా టైపు చెయ్యగలిగినవాడు చుట్టుపక్కల మూడు జిల్లాల్లో లేడు. అతని కారును మొదట గద్వాలలో ఒక డాక్టరు వాడాడు. తర్వాత నాగర్‌కర్నూల్లో ఒక లెక్చరరు వాడాడు. వాళ్లిద్దరూ వాడగా మిగిలినదాన్ని నరేందర్ వాడుతున్నాడు.

మొన్న ఉలవల కోతలప్పుడు దాని సైలెన్సర్‌కు కాలం చెల్లింది. మన దగ్గర ఉలవ కట్టెను రోడ్డు మీద పరుస్తారని మీకు తెలియనిది కాదు. వచ్చేపోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుంది, రైతుకు నూర్పిడి ఖర్చు తప్పుతుంది. నరేందర్ కూడా నాలుగు ఊళ్ల ఉలవలను ఉచితంగా నూర్చాడు. ఆ తీగలు కారు కింద చుట్టుకుని, దారి పొడవునా లాగి లాగి సైలెన్సర్‌ను సగం పీకేశాయి. మిగతా సగాన్ని తుప్పు అంతకు ముందే తినేసింది.

ఆ మర్నాటి నుంచి మొదలయ్యాయి లాభాలు!

కారు స్టార్ట్ చేస్తే ట్రాక్టర్లు సిగ్గుపడేవి. పదకొండేళ్లుగా చెవులు వినబడని ఒక ముసలాయన ఇంట్లోంచి బయటికొచ్చి "ఎవడ్రా అది" అన్నాడు. కారు ఎదురొచ్చిన ప్రతివాళ్లకూ దేవుణ్ణి తలుచుకునే అలవాటైంది. కారుకు తాళం వెయ్యాల్సిన పని లేకపోయింది. ఏ దొంగకు మాత్రం అంత ధైర్యం ఉంటుంది? సాయంత్రం నరేందర్ గుట్ట మలుపు తిరగగానే ఇంట్లో భార్య మాలతికి వినబడేది. ఆమె అప్పుడు పొయ్యి మీద పెనం పెడితే, అతను కాళ్లు కడుక్కునే వేళకు జొన్నరొట్టె పొంగి సిద్ధంగా ఉండేది. పెళ్లైన పన్నెండేళ్లలో అతనికి వేడి రొట్టె దొరికింది ఆ మూడు నెలలే. పైగా భార్యాభర్తలు కార్లో ఎక్కడికి పోయినా ఒక్క మాట అనుకునే వీలు లేదు. అందుకని పోట్లాట అన్నదే లేదు. ఏ ఫ్యామిలీ కౌన్సెలింగ్ ఇవ్వగలదండీ ఇంత ప్రశాంతత?

వీటన్నిటినీ మించిన లాభం పొందినావిడ నాగేంద్రమ్మ.

నాగేంద్రమ్మ వనపర్తి దవాఖానలో వార్డులు ఊడుస్తుంది. కాంట్రాక్టు పని. భర్త పోయాక ఇల్లు గడిచేది దాని మీదే. అక్కడ హాజరు సంతకంతో కాదు, ముఖంతో వేయించుకోవాలి. పొద్దున్న తొమ్మిది లోపల సూపర్‌వైజరు ఫోన్‌కు ఎదురుగా నిలబడితే, ఆ ఫోను ఆమెను గుర్తుపట్టాలి. ఒక నెలలో మూడుసార్లు గుర్తుపట్టకపోతే లిస్టులోంచి పేరే తీసేస్తారు. ఎర్రగట్టుపల్లికి వచ్చే ఎనిమిదింటి బస్సును రెండేళ్ల కింద ఆపేశారు. అప్పట్నుంచి మెయిన్ రోడ్డు దాకా నడిచిపోయే ఆమె, ఆ మూడు నెలలూ బడి దగ్గర నిలబడి నరేందర్ కారెక్కేది. ఆమెతోపాటు నర్సింగు చదివే అర్చన, ఇంకొకరో ఇద్దరో ఎక్కేవాళ్లు.

నరేందర్ మంచివాడు. రోడ్డు మీద మనుషులు కనబడితే ఆపేవాడు. కాకపోతే వాళ్లు సరిగ్గా ఆ సమయానికే రోడ్డు మీద ఎందుకుంటున్నారని అతను ఎన్నడూ ఆలోచించలేదు. అతను బయల్దేరే వేళకు ఒక లెక్కా పత్రం లేదు. ఒకనాడు ఏడూ నలభై, ఒకనాడు ఎనిమిదీ పది. కారు ముసలిది, కదలాలంటే ముందు పది నిమిషాలు నిలబెట్టి ఇంజను వేడెక్కించాలి. ఆ పది నిమిషాల గర్జన ఊరి ఆ చివర కాలనీ దాకా వినబడేది. అది వినబడగానే నాగేంద్రమ్మ సద్ది కట్టుకుని, చీర సర్దుకుని, తలుపుకు గొళ్లెం పెట్టి బడి దగ్గరికి నడిచేది. ఇది ఎవరూ ఎవరితోనూ చెప్పుకున్న ఒప్పందం కాదు.

హారన్ కొట్టొచ్చు కదా అంటారా? పాల వ్యాను కొడుతుంది, సిలిండర్ల ఆటో కొడుతుంది, చేపలమ్మే మోటారు సైకిలు కొడుతూనే ఉంటుంది. హారన్‌కు బయటికొచ్చే మనిషి మన దేశంలో ఇంకా పుట్టలేదు.

ఇంత సుఖంగా ఉన్న ఊరికి ఆపద మాలతి పుట్టింటి నుంచి వచ్చింది. నాగర్‌కర్నూల్లో వాళ్ల అక్క గృహప్రవేశం. ఈ కారు వీధి మలుపు తిరిగేసరికి పంతులుగారు మంత్రం ఆపి, అది దగ్గరికొచ్చి ఆగేదాకా కళ్లు మూసుకుని కూర్చున్నారు. వచ్చినవాళ్లంతా చూశారు. కొందరు మర్యాదగా నవ్వారు. తిరుగు ప్రయాణంలో ఆమె ఏమందో చప్పుడుకు నరేందర్‌కు వినబడలేదు. ఇంటికొచ్చి ఇంజను ఆపాక మళ్లీ అంది.

"ఇగ నేను ఆ కార్ల కూసోను. వచ్చే నెల మా తమ్ముని పెండ్లి ఉంది. అది బాగు చేపిస్తెనే వస్త."

వనపర్తిలో మెకానిక్ నాలుగు రోజులు కారు వదిలిపెట్టమన్నాడు. నాలుగు రోజులు షాపు ఎట్లా తెరవాలి? నరేందర్ రాత్రి ఫోన్‌లో వెతికితే ఒక హిందీ వీడియో దొరికింది. తెల్ల టైల్సు వేసిన షెడ్డులో, చేతులకు గ్లౌజులు తొడుక్కున్న ఒకాయన ఒక మీట నొక్కాడు. కారు దానంతట అది పైకి లేచింది. ఆయన దాని కింద నిలబడి, ఈల వేసుకుంటూ పది నిమిషాల్లో సైలెన్సర్ మార్చేశాడు. పది నిమిషాలు! నరేందర్ వెంటనే ఆన్‌లైన్లో కొత్త సైలెన్సర్ ఆర్డరు పెట్టాడు.

ఆదివారం పొద్దున్న తేలింది ఏమిటంటే, అతని దగ్గర మీట లేదు.

అయితేనేం, శివశంకర్ ఉన్నాడు. శివశంకర్ బోరు మోటార్ల మనిషి. కాలిన మోటార్లను బోర్లలోంచి పైకి లాగి, బాగుచేసి, మళ్లీ దించడం అతని వృత్తి. నరేందర్‌కు వరసకు అన్న అవుతాడు. సంగతి వినగానే తన మూడు కాళ్ల ఇనుప స్టాండు, గొలుసు కప్పీ ఆటోలో వేసుకొచ్చి కారు వెనక నిలబెట్టాడు.

మన వైపు ఆ మూడు కాళ్ల స్టాండు ఎక్కడ లేస్తే అక్కడికి మనుషులు చేరతారు. పదిమంది నిలబడి పది సలహాలు ఇవ్వనిదే ఏ మోటారూ బోరులోంచి బయటికి రాదు. ఆ రోజు కూడా నరేందర్ నాన్న కిష్టయ్య బోరు మళ్లీ పోయిందనుకుని అందరూ వచ్చేశారు. వచ్చాక అక్కడ వేలాడుతున్నది కారని తెలిసినా ఎవరూ వెనక్కి పోలేదు. పలుగు పట్టేవాడు పలుగు పట్టాడు, గొలుసు లాగేవాడు గొలుసు లాగాడు.

"ఎన్ని పైపులు దించినవ్ కిష్టన్నా?" అని ఒకాయన అలవాటు కొద్దీ అడిగాడు.

కారు వెనక భాగం గాల్లోకి లేచింది. నరేందర్ కిందికి దూరి పాత సైలెన్సర్‌ను ముట్టుకున్నాడు. అది చేతికొచ్చింది. దాని వెంటే, ఇంజను దగ్గర్నుంచి వచ్చే పైపు కూడా అప్పడంలా ముక్కలై ముఖం మీద పడింది. వీడియోలో ఆయనకు ఇట్లా జరగలేదు. కొత్త సైలెన్సర్‌తో పాటు ఆ పైపు రాలేదు.

శివశంకర్ నలుదిక్కులా చూశాడు. ఇంటి వెనక గోడకు ఆనించి ఇనుప పైపులు ఉన్నాయి. కిష్టయ్య ఒకటి తర్వాత ఒకటి నాలుగు బోర్లు వేయిస్తే, నాలుగూ ఎండిపోయాయి. వాటిలోంచి తీసిన పైపులు అవి. శివశంకర్ ఒకదాన్ని తెచ్చి సైలెన్సర్ మూతికి పెట్టి చూశాడు. అతికినట్టు సరిపోయింది.

"కొయ్యుమంటవా చిన్నాయనా?" అని కిష్టయ్యను అడిగాడు.

కిష్టయ్య ఆ పైపును వేలితో తట్టి చూశాడు. "కొయ్యుండ్రి. నీళ్లకైతె అక్కరకు రాకపాయె. పొగకన్న వస్తదేమో సూడుండ్రి."

కోశారు, వంచారు, వెల్డింగు చేశారు. ఇక జాయింటు బిగించడమే మిగిలింది. అక్కడ ఏదో ఇనుప రింగు పెట్టి, ఏదో పేస్టు పూయాలని వీడియోలో ఆయన చెబుతున్నాడు. శివశంకర్‌కు మనసు కష్టమైంది.

"పాతికేండ్ల సంది జాయింట్లు బిగిస్తున్న తమ్మీ. నా జాయింట్ల నుంచి ఒక్క సుక్క బయటికి రాలె ఇప్పటిదాక. వాడెవడో నాకు చెప్తడా?"

సుతిలి తాడు చుట్టాడు. దాని మీద రంగు పూశాడు. ఆ పైన సైకిల్ ట్యూబు ముక్కను నాలుగు చుట్లు లాగి కట్టాడు. అంత మంచి జాయింటు ఏ బోరుకూ పడి ఉండదు. మూడు వందల అడుగుల లోతున దించినా ఒక్క చుక్క నీరు బయటికి రాదు. నిజంగానే ఒక్క చుక్క కూడా రాలేదు. కాకపోతే అందులోంచి పోవాల్సింది నీరు కాదు, కాలే పొగ. నరేందర్ కారు స్టార్ట్ చేసి, చప్పుడు లేని ఆ అద్భుతానికి మురిసి, ఊరి నడిమికి పోయేసరికి సుతిలి అంటుకుంది, రంగు ఉడికింది, రబ్బరు కాలింది. ఆ కంపుకు ఆదివారం కోడికూర వండుకున్న ఇళ్లలో కూడా ఎవరికీ అన్నం సయించలేదు.

అందరూ ముక్కులు మూసుకుని కారును మళ్లీ తోసుకొచ్చారు. అప్పుడు మాలతి లోపల్నుంచి అట్ట డబ్బా పట్టుకొచ్చింది.

"గీ డబ్బల ఇదేందో మిగిలింది. చెత్తల పారేద్దునా?"

అందులో ఇనుప రింగు, పేస్టు ఉన్నాయి.

శివశంకర్ వాటిని తీసుకుని కారు కిందికి పోయాడు. పొద్దు వాలేలోపు పని అయిపోయింది. కారు కుట్టు మిషను మీద బట్ట కుట్టినంత మెత్తగా మోగింది. జనం ఒకరి తర్వాత ఒకరు వంగి చెవి పెట్టి విన్నారు. తన చేతులతో తను చేసిన పని! నరేందర్ కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. జీవితంలో ఇన్ని వేల కాగితాలు అచ్చు తీశాడు గానీ ఒక్క వస్తువు చేసింది లేదు. మాలతిని ఎక్కించుకుని మెయిన్ రోడ్డు దాకా పోయొచ్చాడు. మూడు నెలల తర్వాత కార్లో ఒకరి మాట ఒకరికి వినబడింది. రెండో కిలోమీటరు రాయి దగ్గరే పోట్లాట మొదలైంది.

సోమవారం పొద్దున్న నరేందర్ రాజాలాగా బయల్దేరాడు. ఇంజను వేడెక్కుతుంటే పిచ్చుకల అరుపులు వినబడ్డాయి. బడి దగ్గర ఎవరూ లేరు. ఈ రోజు ఎవరికీ పని లేదేమో అనుకున్నాడు. అద్దాలెత్తి, ఒక్కడే, ఆ నిశ్శబ్దాన్ని వింటూ వనపర్తి చేరాడు. దారిలో రెండుసార్లు ఇంజను ఆగిపోయిందేమోనని భయపడ్డాడు కూడా.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గేటు దగ్గర నాగేంద్రమ్మ కూర్చుని ఉంది. చేతిలో సద్ది గిన్నె మూత కూడా తియ్యకుండా ఉంది.

"ఇయ్యాల పొద్దుగాల షాపుకు పోలేదా సారూ?" అని అడిగింది.

"పోయిన గదక్కా. నువ్వే కనవడలె."

"సప్పుడు రాలె సారూ." ఆమె గొంతులో కోపం లేదు. "సప్పుడు అయితది, పోదామని కూసున్న. ఎనిమిదైంది, ఎనిమిదిన్నర అయింది. నిన్న ఇప్పి బిగించిండ్రు గద, బండి మళ్ల చెడిపోయిందేమో పాపం అనుకున్న. మెయిన్ రోడ్డు దాక నడిశి బస్సు ఎక్కిన. పది దాటినంక పోతె ఫోనుల నా ముఖం పడలె. ఈ నెలల జొరమొచ్చి రెండు దినాలు పోయినయ్ గద, ఇది మూడోది. రేపటి సంది రావద్దన్నడు."

 నరేందర్‌కు సిగ్గేసింది. బడి దగ్గర మూడు నెలలుగా తను దయతో ఎక్కించుకుంటున్నది ఎవరినో, వాళ్లు తన ఇంజను చప్పుడు విని ఎట్లా వేళకు వచ్చి నిలబడుతున్నారో, అప్పుడు గానీ అతనికి అర్థం కాలేదు.

ఏం చెయ్యాలో తోచక అతను తనకు తెలిసిన పనే చేశాడు. మర్నాడు పొద్దున్నే ఆమెను ఇంటి దగ్గర ఎక్కించుకుని, ముందు షాపు తెరిచి అర్జీ టైపు చేశాడు. 'గౌరవనీయులైన సూపర్‌వైజరు గారికి. విషయం: గైర్హాజరును మన్నించుట గురించి. అయ్యా, నా కారు సైలెన్సర్ బాగైన కారణంగా శ్రీమతి నాగేంద్రమ్మ నిన్నటి దినమున విధులకు సకాలంలో హాజరు కాలేకపోయినది. ఇందులో ఆమె తప్పు ఏమియు లేదు. తప్పు నాది.' కింద సంతకం పెట్టి, షాపు ముద్ర కూడా వేశాడు.

సూపర్‌వైజరు దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఖరాబైతె లేటు అయితరు. బాగైతె లేటేందయ్యా?"

నరేందర్ ఉలవల దగ్గర్నుంచి మొదలుపెట్టి సైకిల్ ట్యూబు మీదుగా అంతా చెప్పాడు. సూపర్‌వైజరు తన ఫోన్లో గైర్హాజరుకు కారణాలన్నీ వరసగా చూశాడు. అనారోగ్యం ఉంది, మరణం ఉంది, ప్రసవం ఉంది. సైలెన్సర్ లేదు. నాగేంద్రమ్మ అంతసేపూ గోడకు ఆనుకుని, ఆ ఫోను కేసే చూస్తూ నిలబడింది. చివరికి ఆయన 'ఇతరములు' నొక్కాడు.

"ఇదే ఆఖరు. ఇంకొక్కనాడు లేటైతె నా చేతుల ఏం లేదు. మీ కారును బాగు చేసుకుంటరో, ఖరాబు చేసుకుంటరో మీ ఇష్టం."

ఆ సాయంత్రం నరేందర్ పానా పట్టుకుని కారు పక్కన కూర్చున్నాడు. కానీ చేతులు రాలేదు. మాలతి వచ్చి చూసి, పక్కనే కూర్చుంది.

"ఊడదియ్యి," అంది.

"మరి పెండ్లి?"

"బస్సుల పోదాం తియ్."

"బస్సు యాడుంది?"

 మాలతి పానా తనే తీసుకుని మొదటి బోల్టుకు పెట్టింది. కొత్త సైలెన్సర్ గోడ దగ్గర బోరు పైపుల పక్కన చేరింది. బుధవారం పొద్దున్న ఎర్రగట్టుపల్లిలో కారు గర్జించింది, కుక్కలు లేచాయి, కాలనీ నుంచి నాగేంద్రమ్మ చీర సర్దుకుంటూ వచ్చింది.

ఇక్కడితో మా వాదన నెగ్గినట్టే. అయినా పూర్తి నిజం చెప్పడం మా ధర్మం కాబట్టి ఇంకొక్క సంగతి. నరేందర్ అదే వారం బస్సు కోసం ఇంకో అర్జీ కూడా టైపు చేశాడు. రెండేళ్లలో అది పదమూడోది. ఏ ఆఫీసుకు పంపాడో చెప్పం, వాళ్లు సున్నిత మనస్కులు. ఈసారి అక్కడి నుంచి ఒకాయన విచారణ కోసం స్వయంగా ఫోను కూడా చేశాడు. పొద్దున్న ఏడూ నలభై ఐదుకు చేశాడు. నరేందర్ బయట ఇంజను వేడెక్కిస్తుంటే, అతని ఫోను కిష్టయ్య ఎత్తాడు.

"మీ ఊరికి బండ్లు గిట్ల ఏమీ లేవా?"

"ఏమీ లేవు సారూ. ఆరు కిలోమీటర్లు నడుసుడే."

"మరి ఆ సప్పుడేంది?"

"అదా? మా పిలగాని కారు."

పది రోజులకు జవాబు వచ్చింది. నరేందర్ కారు నడుపుతూ కాగితం చూడలేడని, వెనక సీట్లో అర్చన దాన్ని గట్టిగా చదివింది. 'తమ అర్జీపై విచారణ జరపడమైనది. సదరు గ్రామంలో ఉదయం వేళ వాహనము నడుచుచున్నట్లు విచారణ సమయంలో స్పష్టముగా వినబడినది. కావున బస్సును పునరుద్ధరించవలసిన అవసరము లేదని తెలియజేయడమైనది.' ఆ చప్పుడులో ఆమె మూడుసార్లు చదవాల్సి వచ్చింది.

నరేందర్‌కు ఒళ్లు మండింది. కారు పక్కకు ఆపి, ఇంజను ఆపాడు. "ఇన్నవా అక్కా? మనకు బండి ఉందట."

నాగేంద్రమ్మ ముందుకు, రోడ్డు కేసి చూస్తోంది.

"ఉన్నది గద సారూ. జర స్టార్ట్ చెయ్యి. తొమ్మిదిలోపల నా ముఖం చూపియ్యాలె."

అదీ సంగతి. కాబట్టి సైలెన్సర్లు తీసి పారెయ్యండని ముక్తకంఠంతో కోరుతున్నాం. మీ ఊరికి బస్సు వస్తుంటే మాత్రం, నిరభ్యంతరంగా బిగించుకోండి.